బందరులో మకాం, అయిదు రోజుల కారు ప్రయాణం

విజయవాడ నుంచి పొద్దున వచ్చి, మంగినపూడిలో ఓ గంట నిలబడి, లడ్డు పొట్లం కట్టించుకుని సాయంత్రానికల్లా వెళ్ళిపోయేవాళ్ళే బందరుకి ఎక్కువ. 70 కిలోమీటర్లే కదా అన్న ధీమా. గోల్కొండ సుల్తానులకి సముద్రపు వాకిలి, మచిలీపట్నం అని కూడా పిలిచే ఈ ఊరు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చి వర్తకం మొదలుపెట్టిన రేవు. దీన్ని ఒక పూటలో చుట్టేయడం అన్యాయం. ఊళ్ళోనే గది తీసుకుని, రోజుకో దిక్కుకి కారులో పోయి రాత్రికి తిరిగి వచ్చేస్తే ఊరూ తెలుస్తుంది, చుట్టూ ఉన్న సీమా తెలుస్తుంది.

అయితే ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో లెక్కెయ్యకూడదు. హైవే దిగాక దారులు చాలావరకు కాలవగట్ల వెంటే సాగుతాయి. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పల్లపు పొలం, మధ్యలో ఒకటిన్నర బండి పట్టే రోడ్డు. గంటకి 30, 35 కిలోమీటర్లకి మించి పోలేం, పోకూడదు కూడా. పైగా డిసెంబరంటే కోతల కాలం. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, వెనక దీపాల్లేని ట్రాక్టర్లు తిరుగుతుంటాయి, ఏడింటిదాకా మంచు వీడదు. ఆరు దాటాక గట్టు మీద ఉండకుండా రోజు ముగించుకోవడమే అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త.

డిసెంబరు 17: గిలకలదిండి, బందరు కోట, మంగినపూడి

మొదటి రోజు కారుకి పెద్ద పనిలేదు, మొత్తం 35 కిలోమీటర్లు. తెల్లవారకముందే గిలకలదిండి చేపల రేవుకి వెళ్ళాలి. సముద్రంలోకి తెరుచుకునే మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది కాబట్టి బోట్లు పోటు చూసుకుని లోపలికి వస్తాయి. చేపల వేలంపాట కూడా అప్పుడే. అందుకని ఇన్ని గంటలకని రాసిపెట్టుకునే వీల్లేదు, ముందురోజు సాయంత్రం రేవులో ఎవరినైనా అడిగితే చెబుతారు. చందువలు, వంజరం, మాగ, పీతలు, రొయ్యలు గుట్టలు గుట్టలుగా పోస్తారు. పాట పాడేది వ్యాపారులు. మనకి కిలో కావాలంటే పాట అయ్యాక, గుట్ట కొన్నవాళ్ళని అడగాలి. పాట నడుస్తుండగా మధ్యలో దూరి ధర అడిగితే వాళ్ళ లెక్క తప్పుతుంది, చిరాకు పడతారు. కారు రేవులోకి తీసుకెళ్ళకుండా బయటే ఆపాలి. ఐసు లారీలు వెనక్కి వచ్చే దారి అది.

బందరు కోటలో మిగిలింది కొద్దే. ఆయుధాలు దాచిన కట్టడం, గంట కట్టిన బురుజు, మొండిగోడలు. చూడ్డానికి అరగంట చాలు. కానీ ఇక్కడ నిలబడి 1864 నవంబరు 1 రాత్రిని తలచుకోవాలి. ఆ తుపానుకి సముద్రం ఊళ్ళోకి వచ్చేసింది, దాదాపు 30,000 మంది పోయారు. ఆ దెబ్బ నుంచి రేవు మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు. ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులు కూడా చూడదగ్గవి. రాతి పలకల మీద వంశ చిహ్నాలూ అక్షరాలూ లోతుగా చెక్కారు. పొద్దున్న ఎండ ఏటవాలుగా పడేటప్పుడైతే చదవగలం. మధ్యాహ్నం నడినెత్తిన ఎండలో రాయి చదునుగా కనబడుతుంది, ఏమీ తెలియదు.

మంగినపూడి ఊరికి 11 కిలోమీటర్లు. తీరమంతా నల్లమట్టి. మామూలు ఇసుక అనుకుని కారు నీటి అంచుకి దింపేవాళ్ళు వారానికి కొందరైనా ఉంటారు. పైన గట్టిగా పెచ్చు కట్టినట్టుంటుంది, కింద జిగురు బురద. ముందు చక్రాలు దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే చక్రం తనకి తానే గొయ్యి తవ్వుకుంటుంది. అలా జరిగితే ఇంజను ఆపి, అందరూ దిగి, చక్రాల వెనకా ముందూ ఉన్న మట్టి చేత్తో తీసి, టైర్లలో గాలి 18, 20 పౌండ్లకి తగ్గించాలి. గోనెసంచులో కొబ్బరిమట్టలో చక్రాల కింద పరిచి, వెనక గేరులో క్లచ్చి మెల్లగా వదులుతూ, వచ్చిన జాడలోనే వెనక్కి లాగాలి. బయటపడ్డాక నెమ్మదిగా వెళ్ళి మొదటి పంపు దగ్గరే గాలి నింపించుకోవాలి. ఆ సాయంత్రమే బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించాలి. ఉప్పుమట్టి రెండ్రోజులు ఉంటే తుప్పు మొదలవుతుంది. అసలు సిమెంటు రోడ్డు మీదే కారు వదిలి నడిస్తే ఈ బాధే లేదు. నీళ్ళు చాలా దూరం మోకాలి లోతే ఉంటాయి కాబట్టి పిల్లలకి అనువు. మాఘ పౌర్ణమికి మాత్రం దారి మొత్తం జనమే.

డిసెంబరు 18: పెడన

బందరు నుంచి పెడన పావుగంట, ఇరవై నిమిషాలు. ఈ ప్రయాణమంతటిలో ఒక్క రోజే చేతిలో ఉంటే ఇక్కడికే రావాలి. లోకం మచిలీపట్నం కలంకారీ అని పిలిచే గుడ్డ తయారయ్యేది ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. ఊళ్ళోవాళ్ళు దీన్ని అద్దకం పని అంటారు. ఆ మాటతో అడిగితే దారి చూపిస్తారు.

ఎనిమిదింటికల్లా చేరాలి. ఎండ లేకపోతే పని లేదు, మబ్బు పట్టిన రోజున షెడ్లు ఖాళీగా ఉంటాయి. లోపలికి వెళ్ళేముందు అడగాలి, చెప్పులు బయట విడవాలి, పరిచిన గుడ్డ మీదుగా దాటకూడదు. అచ్చుల ఫొటో తీసేటప్పుడు అడిగి తీయడం మర్యాద. కొత్త డిజైన్లు పక్క షెడ్డుకి పోతాయన్న బెంగ వాళ్ళకుంటుంది.

పని వరస ఇది. ముతక గుడ్డని గంజి, మురికి పోయేలా ఉతికి తెల్లబరుస్తారు. పాత పద్ధతిలో పేడనీళ్ళలో నానబెట్టి, గడ్డి మీద ఎండేస్తూ నీళ్ళు చల్లుతారు. తరవాత కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో ముంచి పిండి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు రంగుని పట్టుకుంటుంది. పాలలోని వెన్న రంగు గీత దాటి పాకకుండా ఆపుతుంది. పాలు పలచనైతే అంచులు చెదిరిపోతాయి. గుడ్డ దగ్గరగా పెట్టుకుంటే ఆ పాల కమురువాసన తెలుస్తుంది.

నలుపు కోసం తుప్పు పట్టిన ఇనపముక్కల్ని బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ నీరు చూడ్డానికి లేత గోధుమరంగే. కరక్కాయ పట్టిన గుడ్డని తాకగానే నల్లబడుతుంది. ఎరుపు కోసం పటిక నీళ్ళలో తుమ్మబంక కలిపి అద్దుతారు. అప్పటికి ఎరుపు కనబడదు, పటిక పడిన చోటు మాత్రం గుర్తుంటుంది. రెండూ ఆరాక పారే నీళ్ళలో ఉతకాలి. ఇక్కడే ఎక్కువ గుడ్డ చెడుతుంది. నిలవనీళ్ళలో ఉతికితే వదిలిన పటిక మళ్ళీ వేరేచోట అంటుకుని, ఉడికించాక అక్కడ కూడా ఎర్ర మచ్చ లేస్తుంది. కాలవలో నీళ్ళు కట్టేసిన రోజుల్లో పని మందగించడానికి కారణం ఇదే. ఉతికిన గుడ్డని పెద్ద గాబుల్లో వేర్లు, చెక్కలు, జాజి ఆకు వేసి ఉడికిస్తారు. పటిక పడిన చోటల్లా అప్పుడు ఎరుపు పుట్టుకొస్తుంది. పసుపు, నీలం ఆ తరవాతి విడతలు. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, ఒక్కో ఉతుకు, ఒక్కో ఎండ.

అద్దే బల్ల దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడాలి. బల్ల మీద గోనెపట్టాలు మడతలు మడతలుగా పరిచి ఉంటాయి. రంగు తొట్టిలో తడిపిన కంబళి ముక్క. అచ్చుని కంబళికి రెండుసార్లు తాకించి, గుడ్డ మీద మూలకి మూల ఆనించి, వీపు మీద గుద్దినట్టు పిడికిలితో ఒకే ఒక్క దెబ్బ. ఏళ్ళ తరబడి ఆ దెబ్బ పడి అచ్చు వెనక భాగం గిన్నెలా నునుపుగా అరిగింది. దెబ్బ తేలికైతే మధ్యలో తెల్లగా మిగులుతుంది, బరువైతే గీతలు కలిసిపోతాయి.

కొనేటప్పుడు తేడా పట్టడం కష్టం కాదు. స్క్రీను మీద వేసినదానికి గీత ఎక్కడా తప్పదు, వెనక వైపు పాలిపోయి ఉంటుంది. చేత్తో అద్దినదానికి జానెడుకి ఒకసారి అచ్చు అచ్చుని కలిసే చోట వెంట్రుకవాసి ఎడమో దాపో కనబడుతుంది, రంగు వెనక్కి దిగి ఉంటుంది. రెండూ ఈ ఊళ్ళోనే దొరుకుతాయి, చేతి పనికి ధర బాగా ఎక్కువ, అది న్యాయమే. ఇది చేత్తో అద్దిందా, రసాయన రంగా అని సూటిగా అడిగితే సూటిగానే చెప్పారు. ఇంటికి తెచ్చాక మొదటి రెండు ఉతుకులు ఉప్పునీళ్ళలో, విడిగా. ఆరేయడం నీడలో.

సాయంత్రం తిరిగి వస్తూ చిలకలపూడి. భక్త నరసింహం 1929లో కట్టించిన పాండురంగస్వామి గుడి, దాని చుట్టూ రోల్డ్‌గోల్డ్ నగల పని. రాగి మీద పలుచని బంగారు రేకు వేసి చేసే ఈ నగలకి ఊరి పేరే గుర్తు. వీధిలో నడుస్తుంటే ఇళ్ళ వసారాల్లోంచి చిన్న సుత్తుల చప్పుడు వినబడుతుంది.

రాత్రికి లడ్డు. బందరు లడ్డుని తొక్కుడు లడ్డు అనడానికి కారణం ఉంది. శనగపిండిని జంతికల్లా నూనెలోకి వత్తి వేయించి, రోట్లో దంచి పొడిచేసి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్ళీ దంచుతారు. రెండోసారి దంచడంలోనే రుచి అంతా ఉంది. సరిగ్గా దంచిన లడ్డు నోట్లో పెట్టగానే ఇసకలా రాలకుండా వెన్నలా జారిపోతుంది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన మిఠాయి ఇది. వేడిగా కట్టినది కొని వెంటనే డబ్బాలో మూత పెడితే చెమ్మ పట్టి త్వరగా పాడవుతుంది. ఆరనిచ్చి పెట్టుకోవాలి. హల్వా కూడా తీసుకోవచ్చు. గోధుమపాలు, బెల్లం, నెయ్యితో నల్లగా నిగనిగలాడుతుంది.

డిసెంబరు 19: శ్రీకాకుళం, ఘంటసాల, కూచిపూడి, మొవ్వ

మ్యాపులో శ్రీకాకుళం అని కొడితే ఉత్తరాంధ్ర జిల్లాకి, 400 కిలోమీటర్ల పైన దారి చూపిస్తుంది. "శ్రీకాకుళం, ఘంటసాల మండలం" అని కొట్టాలి. అది చూపించిన దారి కూడా గుడ్డిగా నమ్మకూడదు. దగ్గరి దారి పేరుతో కాలవగట్టు మీద ట్రాక్టరు బాటలోకి పంపింది, కిలోమీటరు పోయాక లాకుల దగ్గర దారి ఆగిపోయింది, బండి తిప్పే చోటు లేక వెనక గేరులోనే రావలసి వచ్చింది. ఇక్కడ మనిషిని అడగడమే మేలు. "ఏవండీ" అని అద్దం పూర్తిగా దించి, వీలైతే కారు దిగి అడగాలి. "లాకులు దాటి, వంతెన దిగంగానే కుడిచేతికి" అన్నట్టు కాలవని పట్టుకునే దారి చెబుతారు. దాంతోపాటు మీదే ఊరు, ఎవరి తాలూకు అని తప్పకుండా అడుగుతారు. జవాబు చెప్పి కదలడం మర్యాద.

వరస ముఖ్యం. పల్లెటూరి గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు, మళ్ళీ సాయంత్రమే తెరుస్తారు. కాబట్టి దూరంగా ఉన్న శ్రీకాకుళం మొదట, ఎండవేళ ఘంటసాల దిబ్బ, చల్లపల్లిలో భోజనం, సాయంత్రం కూచిపూడి, మొవ్వ. బందరు నుంచి బయలుదేరి దగ్గరలో ఉన్నవి ముందు చూసుకుంటూ పోతే శ్రీకాకుళం చేరేసరికి తలుపులు మూసి ఉంటాయి.

శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు గుడి కృష్ణ ఒడ్డున. కళింగ దండయాత్రకి పోతూ ఇక్కడ ఆగిన కృష్ణదేవరాయలకి స్వామి కలలో కనబడి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యదలోనే ఉంది. ఆవరణలో ఆ పేరు మీద మండపం ఉంది. కూచుని నదివైపు గాలి తగులుతుంటే ఒక తెలుగువాడికి లేవబుద్ధి కాదు. ఘంటసాలలో బౌద్ధ స్తూపం దిబ్బ ఇప్పుడు గడ్డి పెరిగిన ఎత్తు, ఇటుకల వరసలు. పాతకాలపు గ్రీకు భూగోళవేత్త టాలమీ కంటకస్సుల అని రాసిన రేవు ఇదేనని చరిత్రకారులు చెబుతారు. సముద్రం ఇప్పుడు ఎంతో దూరం జరిగింది. ఇక్కడి సున్నపురాతి శిల్పాల్లో కొన్ని పారిస్‌లోని గీమే మ్యూజియంలో ఉన్నాయి. ఊళ్ళోని జలధీశ్వరుడి గుడిలో శివపార్వతులు ఒకే పీఠం మీద ఉంటారు.

కూచిపూడికి వెళ్ళేవాళ్ళు రోజూ ఏదో ప్రదర్శన ఉంటుందనుకుంటారు. ఉండదు. ఇది పల్లెటూరు, నాట్యం ఇక్కడ ఇళ్ళలో ఉంటుంది. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి ఇంటిపేర్లు గుమ్మాల మీద చదువుకుంటూ నడవచ్చు. సత్యభామ వేషంతో దేశాన్ని మెప్పించిన వేదాంతం సత్యనారాయణశర్మ ఈ వీధుల మనిషే. సాయంత్రం అభ్యాసం జరుగుతుంటే తాళం చప్పుడు బయటికి వినబడుతుంది. గురువుని అడిగి, వెనక గోడకి ఆనుకుని కూచుంటే ఎవరూ వద్దనరు, కెమెరా మాత్రం సంచిలోనే ఉండాలి. మొవ్వ ఇక్కడికి దగ్గరే. క్షేత్రయ్య పదాల్లో పలికే మువ్వ గోపాలుడు ఈ ఊరి వేణుగోపాలస్వామే. అక్కడి నుంచి నిడుమోలు మీదుగా హైవే ఎక్కేస్తే చీకటిపడకముందే బందరు. త్రివర్ణ పతాకం పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు కూడా ఈ మొవ్వ మండలంలోదే.

డిసెంబరు 20: దివిసీమ

రానూపోనూ 140 కిలోమీటర్లు, పొద్దున ఆరింటికి కదలాలి. చల్లపల్లి దాటి మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఇక్కడ లింగరూపంలో ఉంటాడు. మంగళవారం, ఆదివారం రద్దీ ఎక్కువ, మిగతా రోజుల్లో దర్శనం తొందరగా అవుతుంది. పులిగడ్డలో అక్విడక్టు దగ్గర ఆగాలి. కాలవ నదిపాయ మీదుగా దాటి దివిసీమలోకి పోతుంది. ఈ సీమ తినే అన్నమంతా ఆ నీళ్ళ చలవే.

అవనిగడ్డ దాటాక పొలాల తీరు మారుతుంది. కోతకి ముందే తడిచేలో మినుములు చల్లేస్తారు. వరి కోసేసరికి మోళ్ళ మధ్య ఆకుపచ్చగా మొలకలు లేచి ఉంటాయి. ఇంకా కిందకి పోతే వరి పోయి రొయ్యల చెరువులు వస్తాయి. అవనిగడ్డలోనే పెట్రోలు, డబ్బు, మంచినీళ్ళు చూసుకోవాలి. భోజనం కూడా వెనక్కి వచ్చేటప్పుడు ఇక్కడే. చిన్న మెస్సుల్లో బొమ్మిడాయిల పులుసు, రొయ్యల వేపుడు పొద్దున్నే చెప్పి వెళితే మధ్యాహ్నానికి తీసిపెడతారు. చెప్పకుండా రెండు గంటలకి వస్తే పప్పు, గోంగూర, పెరుగు మిగులుతాయి. అవీ బాగుంటాయి.

కోడూరు మీదుగా హంసలదీవి. కాకి ఇక్కడ సంగమంలో మునిగి హంసైందని స్థలపురాణం. వేణుగోపాలస్వామిని చూసి, అక్కడి నుంచి పాలకాయతిప్ప తీరానికి మరికొన్ని కిలోమీటర్లు. కారు అక్కడే ఆపాలి. కృష్ణ సముద్రంలో కలిసే అసలు చోటు తీరం వెంట ఇంకా దూరం. అటవీశాఖవాళ్ళు ఆ రోజు పంపుతున్నారో లేదో గేటు దగ్గర అడిగి, వద్దంటే వాదించకుండా ఆగిపోవాలి. నదీ సముద్రమూ కలిసే చోట అడుగున నీటి లాగుడు పైకి కనబడదు, ఈతగాళ్ళని కూడా లాక్కుపోతుంది. స్నానం తీరం దగ్గర మోకాలి లోతులోనే.

దారి పక్కన మడ అడవి. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి, ఊపిరి తీసుకునేది వాటితోనే. పక్కనే ఉండే తిల్ల చెట్టు కొమ్మ మాత్రం తుంచకూడదు. తెల్లటి పాలు కారతాయి, కంట్లో పడితే మంట, వాపు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం కూడా ఇదే.

తిరుగు దారిలో ఏ ఊళ్ళో ఆగినా, అరవై దాటినవాళ్ళు 1977 నవంబరు 19 మాట ఎత్తుతారు. ఆ రోజు ఉప్పెనకి దివిసీమలో పది వేలకి పైగా మనుషులు పోయారు. ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఎత్తు స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టర్లు ఈ దారిలో కనబడేది అందుకే. మనంతట మనం అడగకూడదు. వాళ్ళు చెబితే, ఎంతసేపైనా సరే, నిలబడి వినాలి.

డిసెంబరు 21: ఆటపాక, కొల్లేరు

పెడన, గుడివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు, పక్కనే ఆటపాక పక్షి కేంద్రం. అయిదింటికి బయలుదేరితే మంచులో నెమ్మదిగా పోయినా ఏడున్నరకి చేరతాం. పసుపు ఫాగు లైట్లు, కిందికి దించిన హెడ్‌లైట్లు. హైబీము వేస్తే మంచు తెల్లగోడలా ఎదురు నిలుస్తుంది. ఈ దారిలో ఇంకో ప్రమాదం చేపల లారీలు. ఐసు కరిగి నీళ్ళు ధారగా కారుతుంటాయి, మలుపుల్లో రోడ్డు జిడ్డు తేలి ఉంటుంది. వాటి వెనకే అంటుకుని పోకూడదు, బ్రేకు మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు.

ఆటపాకలో చెట్లు తగ్గిపోతే ఇనప స్టాండ్లు నాటారు. గూడకొంగలు వాటి మీదే గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతున్నాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తలంతా ఆ సంచిలోకి పెట్టి చేప లాక్కుంటుంది, చూస్తుంటే మింగేస్తోందేమో అనిపిస్తుంది. ఎర్రకాళ్ళ కొంగలూ ఉంటాయి. పడవ ఎక్కితే దగ్గరగా చూడొచ్చు. ముదురు రంగు బట్టలు, గొంతు తగ్గించి మాట. పది దాటితే నీళ్ళ మీద ఎండ తళుకు, ఫొటోలు రావు.

ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడినేలల పట్టిక అయిన రామ్‌సార్ జాబితాకి 2002లో ఎక్కిన సరస్సు ఈ కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు ఇందులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. ఆ నీళ్ళు పరుచుకోవలసిన చోట ఇప్పుడు మైళ్ళ కొద్దీ చేపల చెరువుల గట్లు. బొచ్చె, శీలావతి రాష్ట్రాలు దాటి పోతున్నాయి, చాలా ఇళ్ళకి అదే బతుకు. కానీ వాన గట్టిగా పడిన ఏడాది నీళ్ళకి దారి లేక పొలాల మీద పడతాయి. సరస్సు మిగలాలి, ఈ పక్షులూ మిగలాలి.

తిరిగి రావడానికి కలిదిండి, బంటుమిల్లి దారి పట్టాం. వచ్చిన దారి కన్నా ఇరుకు, కానీ చూడ్డానికి బాగుంటుంది. అయిదు రోజులకీ కలిపి సుమారు 475 కిలోమీటర్లు, లీటరుకి 15 వచ్చే బండికి 32 లీటర్లు, 3,500 రూపాయల చమురు. బంటుమిల్లి దాటాక రోడ్డు పక్కన తేగలు కాల్చి కట్టలు కట్టి అమ్ముతున్నారు. వేడిగా ఉన్నవే తీసుకోవాలి. పైపొట్టు ఒలిచి నిలువునా చీలిస్తే మధ్యలో పచ్చగా చందమామ ఉంటుంది. పిల్లలు దానికోసమే కొట్టుకుంటారు. మిగిలింది ఈనెలు తీసుకుంటూ నమలాలి, బందరు చేరేదాకా సరిపోతుంది.